గుంటూరు సర్కారు కత్తి దూయకుండానే పోయిందా? మరి 1922లో కిస్తు ఎలా ఆపారు?

బ్రాడీపేట_బల్ల
లైబ్రరీ గోడకి ఆరు బోర్డులు రాయాలి. ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. విషయం: కొండవీటి రెడ్ల దగ్గర్నుంచి 1942 దాకా మన గుంటూరు సీమ. ఏ రాత చూసినా ఒకటే వరస. రెడ్డిరాజులు, రాయలవారు, గోల్కొండ సుల్తానులు, ఆ తర్వాత "నిజాం ఉత్తర సర్కారులను ఆంగ్లేయులకు ఇచ్చెను" అని ఒక్క ముక్క, ఆ పక్క వాక్యంలో గాంధీగారు. మధ్యలో నూటయాభై ఏళ్ళు మాయం. రాయలసీమకి పాళెగాళ్ళున్నారు, మన్యానికి అల్లూరి ఉన్నారు, మనకేముంది అని పిల్లలు అడిగితే చెప్పే మాట ఉండాలి కదా.

రెండు ప్రశ్నలు. గుంటూరు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఎప్పుడు పోయింది? పెదనందిపాడు పన్నుల నిరాకరణ అసలు పనిచేసింది ఎలా? కట్టం అంటే సర్కారు ఊరుకోదు కదా.

దస్తరం_1788
ముందు 1766 అని మాత్రం రాయకండి. సగం బోర్డులు అక్కడే తప్పుతాయి.

ఉత్తర సర్కార్లు, అంటే అప్పటి జిల్లాల్లాంటి పాలనా ముక్కలు, ఐదు: చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. కాగితాల్లో కొండపల్లికి ముస్తఫానగర్ అని, గుంటూరుకి ముర్తజానగర్ అని పేర్లు. 1753లో అప్పటి నిజాం సలాబత్ జంగ్ కృష్ణకి ఉత్తరాన ఉన్న నాలుగింటినీ ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చాడు, బుస్సీ సైన్యం జీతాల కోసం. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళని ఓడించాడు, మరుసటేడు ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టాడు. ఆ మే నెలలోనే సలాబత్ జంగ్ మచిలీపట్నంతో పాటు మన నిజాంపట్నం కూడా కంపెనీకి రాసిచ్చేశాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర ఫర్మానా తెచ్చుకున్నారు, 1766 నవంబర్‌లో, తర్వాత నిజాం అయిన నిజాం అలీతో ఒప్పందం.

ఇక్కడే మెలిక. గుంటూరు అప్పటికి నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను బతికున్నన్నాళ్ళూ అతనికే ఉండాలని షరతు, 1768 ఒప్పందంలో కూడా అదే మాట. అతను 1782లో పోయాడు. నిజాం ఆరేళ్ళు నాన్చి 1788 సెప్టెంబర్‌లో అప్పజెప్పాడు. మిగతా నాలుగు సర్కార్లకీ మనకీ ఇరవై ఏళ్ళ తేడా ఉంది. బోర్డు మీద గుంటూరుకి 1788 అనే పడాలి.

అరండల్‌పేట_నాలుగోలైను
అంటే ఒక్క తుపాకీ పేలకుండా పోయిందన్నమాట. పిల్లలకి ఇంక ఏం చెప్తాం?

దస్తరం_1788
పేలకుండా పోలేదు, పేలింది వేరేచోట. 1779లో మద్రాసు కంపెనీవాళ్ళు నిజాంకి చెప్పకుండా బసాలత్ జంగ్‌తో సొంతంగా మాట్లాడుకుని గుంటూరు పుచ్చుకున్నారు, దాన్ని తీసుకెళ్ళి ఆర్కాటు నవాబుకి కౌలుకిచ్చారు. నిజాం మండిపడ్డాడు. కలకత్తాలోని కంపెనీ పెద్దలు మద్రాసు వాళ్ళని తిట్టి 1780లో గుంటూరు వెనక్కి ఇప్పించారు. ఈలోగా నిజాం, మరాఠాలు, హైదర్ అలీ ఒక్కటయ్యారు, రెండో మైసూరు యుద్ధానికి దారితీసిన కోపాల్లో గుంటూరు గొడవ ఒకటి. గుంటూరు మీద యుద్ధం గుంటూరులో జరగలేదంతే.

బెజవాడ_బాబాయ్
నది ఇవతల మాత్రం కోట మీద దాడే జరిగింది. కొండపల్లిని 1766లో జనరల్ కైలాడ్ పట్టుకున్నాడు. మరుసటేడే అక్కడ కంపెనీ సిపాయిలకి కసరత్తు ఏర్పాటు చేశారు. బొమ్మల కొండపల్లి అంటేనే గుర్తుపడతారు జనం, కోట సంగతి ఎవరికీ పట్టదు.

మ్యాపు గీసేటప్పుడు ఒకటి చూసుకో బల్లా. ఇప్పటి జిల్లాల మ్యాపు మీద పాత సర్కారు రంగు పుయ్యొద్దు. గుంటూరు సర్కారు కృష్ణకి దక్షిణం నుంచి గుండ్లకమ్మ దాకా. పైన పల్నాడు అందులో లేదు.

పల్నాటి_నాపరాయి
బాబాయ్ చెప్పింది ముఖ్యం. పల్నాడు నిజాంది కాదు, కర్ణాటక నవాబుది. 1801లో నవాబు రాజ్యం మొత్తంతో పాటు వచ్చింది. ఒంగోలు కూడా అటువైపుదే. "1788లో పల్నాడు సహా గుంటూరు" అని రాస్తే తప్పు.

కొండవీటి_చాంతాడు
మీరంతా కంపెనీ దగ్గర మొదలెట్టారు. ఆయన రెడ్ల దగ్గర్నుంచి అడిగారు. ఆ కాలం గురించి రాసేవాళ్ళు కోటలు, కవులు, యుద్ధాలు అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. మన సీమ చరిత్రకి అసలు దారం సుంకం, శిస్తు. అది పట్టుకుంటే మీ ఆరు బోర్డులూ ఒక వరసలో కూర్చుంటాయి.

మోటుపల్లి రేవు చూడండి, చీరాల దగ్గర. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళు. ఇక లాక్కోం, సుంకం ముప్పయింట ఒక వంతే తీసుకుంటాం అని రాయి మీద మాట ఇచ్చాడు. కాకతీయులు పడిపోయాక రేవు దెబ్బతింది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం నిలబెడితే, కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1358లో మోటుపల్లిలో మళ్ళీ శాసనం వేయించి వర్తకుల్ని పిలిచింది ఆయనే. సుంకం తగ్గిస్తే రేవు బతుకుతుందని ఆయనకి తెలుసు.

చివరి రాజు రాచవేమారెడ్డి దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడింది. పురిటి సుంకం వేశాడని, బిడ్డ పుడితే పన్ను కట్టమన్నాడని, సవరం ఎల్లయ్య అనే బంటు పొడిచి చంపాడని చెప్పుకుంటారు. శాసనంలో ఉన్నమాట కాదు, జనం నోట నిలిచిన మాట. బోర్డు మీద "అని చెప్పుకుంటారు" అనే రాయండి. 1424తో ఆ రాజ్యం ముగిసింది. నూరేళ్ళ వంశం ఎందుకు పోయిందంటే జనం గుర్తుపెట్టుకున్న కారణం పన్ను. అది ముఖ్యం.

తర్వాత ఒరిస్సా గజపతులు. 1515లో రాయలవారు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం వరసగా పట్టుకుంటూ వచ్చి కొండవీటిని ముట్టడించారు. జూన్‌లో కోట పడింది, ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. 1520 కొండవీటి శాసనం చూస్తే సరుకు సరుకుకీ, బస్తాకి ఇంత అని సుంకం రాసి ఉంటుంది. ఉప్పు, మామిడికాయలు, వంకాయలు కూడా వదల్లేదు. ఒక బోర్డులో ఆ పట్టీ నుంచి నాలుగు సరుకుల పేర్లు పెడితే పిల్లలు ఆగి చదువుతారు.

కారంచాయ్
పేరు నిలబెట్టారు చాంతాడు గారూ. చేదే కొద్దీ వస్తూనే ఉంది.

కొండవీటి_చాంతాడు
ఆ సామెత పుట్టింది అక్కడి నీళ్ళ కష్టంలోంచే బాబూ. కొండ మీద బావులు లోతు, తాడు చాలదు. అందుకే పుట్టలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు కట్టుకున్నారు. ముట్టడిలో గోడ కంటే ముందు నీళ్ళు పోతాయి. కోట బొమ్మ వేసేవాళ్ళు బురుజులు గీసి చెరువులు వదిలేస్తారు, మీరు ఆ పొరపాటు చెయ్యొద్దు. దర్వాజాలు రెండు: కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా.

అరండల్‌పేట_నాలుగోలైను
సుంకం దారం బావుంది. కానీ 1788కీ 1921కీ మధ్య ఏమైంది? జమీందార్లు ఒక్కరూ తిరగబడలేదా?

దస్తరం_1788
వాళ్ళు కత్తితో ఓడిపోలేదు, లెక్కతో ఓడిపోయారు. గుంటూరు సర్కారులో పెద్ద జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1783 నుంచి 1816 దాకా. ముందు చింతపల్లి, తర్వాత అమరావతి. అమరావతి కొత్త ఊరు కట్టడానికి స్తూపం దిబ్బ తవ్వించారు, రాళ్ళు బయటపడ్డాయి, 1797లో కంపెనీ సర్వేయర్ మెకంజీ వచ్చి చూసింది అవే.

1802లో కంపెనీ శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) పెట్టింది. జమీందారు వసూళ్ళని అంచనా కట్టి, అందులో మూడింట రెండు వంతులు ప్రతి ఏడూ కట్టాలి. వాన పడినా పడకపోయినా అంతే. బాకీ పడితే జమీ వేలం. గోదావరికీ కృష్ణకీ అప్పటికి ఆనకట్టలు లేవు, గుంటూరు అంతా వాన మీద ఆధారపడ్డ నేల. ఇక చెప్పేదేముంది.

నందన నామ సంవత్సరం, 1832-33. నందన కరువు. గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. కంపెనీ లెక్కల్లో అది "గుంటూరు కరువు" పేరుతోనే ఉంది. దానికి ఒక బోర్డులో మూడో వంతైనా ఇవ్వండి. రాజుల పట్టీలో చోటులేక ఎప్పుడూ కరువునే కొట్టేస్తారు.

అమరావతి జమీ సంగతి ఇంకా ఘోరం. వెంకటాద్రి నాయుడు ఇద్దర్ని దత్తత తీసుకున్నారు, జగన్నాథబాబు, రామనాథబాబు. ఆయన పోయాక జమీ ఎవరిదని దావా. లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పొచ్చింది. హిందూ లాలో ఇప్పటికీ చదువుకునే తీర్పు అది. తీర్పొచ్చేనాటికి ఏలుకోవడానికి జమీ ఎక్కడిది? బాకీల కింద సర్కారు చేతిలోకి పోయింది. గుంటూరు జమీందారీల గతి తేల్చడానికి 1845లో వాల్టర్ ఎలియట్‌ని కమిషనర్‌గా పంపారు. అమరావతి దిబ్బ మళ్ళీ తవ్వించి శిల్పాలు మద్రాసు పంపింది ఆయనే.

బెజవాడ_బాబాయ్
కరువు తర్వాతే బెజవాడ ఆనకట్ట. 1852లో మొదలు, 1855కి పూర్తి. కాటన్ దొర పథకం, కట్టించింది కెప్టెన్ ఆర్. నీళ్ళొచ్చాయి, పంటలొచ్చాయి, దాంతో పాటే శిస్తూ పెరిగింది. ఆనకట్టని మెచ్చుకోవాలి, దాని వెనక సర్కారు రాబడి లెక్క కూడా రాయాలి.

నందిపాడు_నల్లరేగడి
దస్తరం గారు చెప్పినదాన్లోనే రెండో ప్రశ్నకి జవాబు మొదలవుతుంది. జమీందారీలు పోయాక గుంటూరులో చాలాభాగం రైతువారీ అయింది. అంటే ప్రతి రైతు పేరనా పట్టా, శిస్తు నేరుగా సర్కారుకి. మధ్యలో జమీందారు లేడు. కట్టనంటే సర్కారుకి ఎదురు నిలిచినట్టే. జమీందారీ ఊళ్ళో అదే పని చేస్తే దెబ్బ జమీందారుకి తగిలేది. పెదనందిపాడు ఫిర్కాలో (తాలూకాలో కొన్ని ఊళ్ళ ముక్క) ఎందుకు సాధ్యమైందంటే మొదటి కారణం ఇది.

ఇక ఎలా పనిచేసిందీ. సర్కారుకి ఊళ్ళో ముగ్గురే చేతులు. మునసబు వసూలు చేస్తాడు, కరణం అడంగల్, చిట్టా అనే భూమి లెక్కలు రాస్తాడు, వెట్టివాడు కబురు మోస్తాడు. ఎవరి పేరన ఎంత భూమి ఉంది, ఎంత బాకీ ఉందనేది కరణం దస్తరంలోనే ఉంటుంది. తాలూకా కచేరీలో మొత్తం అంకె ఉంటుంది కానీ ఫలానా చేను ఎవరిదో గట్టు మీద నిలబడి చూపించేది ఊరివాళ్ళే. 1922 జనవరిలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ముందు జరిగింది గ్రామోద్యోగుల రాజీనామాలు. ఆ ఉద్యోగాలు 1895 చట్టం కింద వంశపారంపర్యం. రాజీనామా అంటే ఒక నెల జీతం కాదు, కొడుకూ మనవడూ తినాల్సిన హక్కు వదులుకోవడం. ఆ ధైర్యం చిన్నది కాదు, బోర్డు మీద ఆ మాట పెద్దక్షరాల్లో ఉండాలి.

తర్వాత జప్తు. 1864 రెవెన్యూ రికవరీ చట్టం వరస ఇది: ముందు బాకీ తాఖీదు, తర్వాత చరాస్తి జప్తు, టముకు వేసి వేలం, అప్పటికీ తీరకపోతే భూమి జప్తు, వేలం. జప్తు పొద్దుపొడిచాక, పొద్దుగూకేలోపే చెయ్యాలి. ప్రతి మెట్టు దగ్గరా ఊరి సాయం కావాలి. తాఖీదు అందించడానికి ఇల్లు చూపించేవాడు, టముకు వేసేవాడు, గొడ్డుని పట్టుకునేవాడు, సామాను ఎత్తుకుపోవడానికి బండి, వేలంలో పాడేవాడు. ఒక్కడూ రాకపోతే ఇత్తడి బిందెలూ గంగాళాలూ వీధిలో పెట్టుకుని అధికారి నిలబడాలి. పాటగాడు లేని వేలం జరగదు.

వీరయ్య చౌదరి శాంతిసేన అని వాలంటీర్లని పెట్టారు. వాళ్ళ పని కొట్టుకోవడం కాదు, కొట్టుకోకుండా చూడటం. ఒక్క రాయి పడితే సర్కారుకి సాకు దొరుకుతుంది. అది జరగనివ్వలేదు. ఆంధ్ర శివాజీ అన్న పేరు ఆయనకి ఊరికే రాలేదు.

కారంచాయ్
ఒక చిన్న అనుమానం. భూమి వేలానికి పెడితే బయటూరివాడు వచ్చి పాడుకోడా?

నందిపాడు_నల్లరేగడి
మంచి ప్రశ్న, అసలు బలహీనత అక్కడే. బిందెకి పాటగాడు రాకపోతే సర్కారు ఓడిపోతుంది. భూమికి పాటగాడు రాకపోతే సర్కారే నామమాత్రపు పాటకి కొనుక్కోవచ్చు. చరాస్తి మెట్టు దగ్గర ఊరిది పైచెయ్యి, భూమి మెట్టు దగ్గర సర్కారుది. నెల, రెండు నెలలు ఆపడం సులువు. ఏడాది ఆపాలంటే పట్టా పోయినా ఫర్వాలేదనే గుండె అందరికీ ఉండాలి. దానికితోడు కలెక్టర్ రూథర్‌ఫర్డ్ సాయుధ పోలీసుల్ని, సైన్యాన్ని ఊళ్ళ మీదకి దింపాడు. 1924లో అల్లూరి మీదకి స్పెషల్ కమిషనర్‌గా పంపింది ఇదే రూథర్‌ఫర్డ్‌ని.

అరండల్‌పేట_నాలుగోలైను
ఎన్ని చెప్పినా చౌరీచౌరాలో జనం పోలీసుల్ని తగలబెట్టడం జరక్కపోతే గెలిచేవాళ్ళు. గాంధీగారు ఆపేశారు, అయిపోయింది.

నందిపాడు_నల్లరేగడి
ఒప్పుకోను. చౌరీచౌరా ఫిబ్రవరి 4. దానికి ముందే, జనవరిలోనే గాంధీగారు కొండా వెంకటప్పయ్య గారికి రాశారు. అంటరానితనం పోవాలి, ఖద్దరు కావాలి, పూర్తి అహింస ఉండాలి, ఇవన్నీ కుదిరాకే పన్ను ఆపండి అని. ఆంధ్ర కాంగ్రెస్‌లోనే రెండు మాటలు నడిచాయి. సైన్యం ఒకవైపు, కాంగ్రెస్ వెనకాడటం ఒకవైపు. చౌరీచౌరా ఆఖరి మేకు.

దస్తరం_1788
ఇద్దరి మాటా కొంత నిజం. ఫిబ్రవరి 12న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ చేసిన బార్డోలీ తీర్మానం ఉద్యమం ఆపమని ఊరుకోలేదు. రైతులు శిస్తు కట్టెయ్యాలని విడిగా చెప్పింది. బోర్డు మీద ఆ ముక్క తప్పకుండా ఉండాలి. రాజీనామా చేసిన కరణానికి, గడప దాకా జప్తు వచ్చిన రైతుకి ఆ వాక్యం ఎలా వినిపించి ఉంటుందో చదివినవాడే ఊహించుకుంటాడు.

చీరాల_మగ్గం
చీరాల పేరాల లేకుండా ఆరు బోర్డులా? అప్పట్లో చీరాల గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోది. నందిపాడు కంటే ఏడాది ముందు.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట, నాలుగు ఊళ్ళ యూనియన్. 1919లో దాన్ని మునిసిపాలిటీ చేశారు. సాలీలు, కూలీలు, చిన్న రైతులు ఉండే ఊరు. ఏడాదికి 4 వేలుండే పన్ను ఒక్కసారి 40 వేలకి ఎగబాకింది. కుళాయి లేదు, కాలవ లేదు, పన్ను మాత్రం పట్నం పన్ను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. అది అయ్యాక గాంధీగారు ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. అహింసతో పన్ను నిరాకరించి జైలుకెళ్ళండి, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్ళిపోండి. ఊళ్ళో ఎవరూ లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి?

రెండోది ఎంచుకున్నారు. 15 వేల జనాభాలో దాదాపు 13 వేల మంది హద్దు అవతల పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తమ పంచాయతీ తామే ఎన్నుకున్నారు, తగువులు తీర్చడానికి మధ్యవర్తుల కోర్టు పెట్టుకున్నారు. కాపలాకి రామదండు. 11 నెలలు అలాగే ఉన్నారు.

బెజవాడ_బాబాయ్
ఆ బెజవాడ సమావేశం ఒక్కటే మూడు సంగతులకి ముడి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని జూన్ 30 గడువుతో తీర్మానం చేసింది అక్కడే. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది కూడా బెజవాడలోనే.

అరండల్‌పేట_నాలుగోలైను
మగ్గం గారూ, 11 నెలలయ్యాక వెనక్కి వచ్చేశారు కదా. మునిసిపాలిటీ ఉండిపోయింది. దాన్ని గెలుపని ఎలా రాస్తాం?

చీరాల_మగ్గం
గెలుపని రాయమనట్లేదు. ఎందుకు ఆగిందో రాయమంటున్నా. సాలెవాడికి ఇల్లంటే మగ్గం గుంట. పాకలో గుంట మగ్గం దిగదు, దిగినా వాన నీరు చేరితే పడుగు పాడైపోతుంది. నేత ఆగితే కూలి ఆగుతుంది. పన్ను ఎగ్గొట్టినవాడు పన్ను కంటే ఎక్కువ పోగొట్టుకున్నాడు. పాకలు వేయడానికీ లేనివాళ్ళకి తిండి పెట్టడానికీ డబ్బు కావాలి. గాంధీగారు ముందే చెప్పేశారు, కాంగ్రెస్ నుంచి పైసా ఆశించొద్దని. దుగ్గిరాల వారే చందాలకి తిరగాలి. ఆయన 1921లో బరంపురం వెళ్ళినప్పుడు నిషేధాజ్ఞ లెక్కచేయకుండా మాట్లాడారని అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. చందా తెచ్చే మనిషి తిరుచ్చి జైల్లో ఉంటే రామనగర్ ఎలా నిలుస్తుంది? అయినా ఆయన లేకుండానే నెలలు ఈదారు. దాన్ని ఓటమి అనే ఒక్కమాటలో కొట్టేస్తే నాకు బాధే.

కొండవీటి_చాంతాడు
మగ్గం గారు చెప్పిన గుంట మగ్గం మాట బంగారం. బొమ్మ కూడా వేయించండి. జనం గుడిసెలు గీస్తారు, గుంట గీయరు.

పల్నాటి_నాపరాయి
నేను దీనికోసమే ఆగా. నందిపాడు, పల్నాడు రెండూ 1922 కాబట్టి ఒకటే అనుకుంటారు. కాదు. నందిపాడు గొడవ శిస్తు, మాది పుల్లరి. 1882 అడవి చట్టం కింద అడవిని రిజర్వు చేసి, గొడ్డు మేస్తే ఇంతని రుసుము పెట్టారు. పుల్ల ఏరుకున్నా అంతే. పల్నాడంటే నాపరాళ్ళు, నీళ్ళు లేని చేలు. అక్కడి మనిషికి సాగు కంటే గొడ్డే ఆధారం. రుసుము కట్టకపోతే గొడ్డుని బందెలదొడ్డికి తోలుకుపోతారు. విడిపించాలంటే బందె రుసుము, ఆలోగా పాలు పోతాయి, దుక్కి పోతుంది.

అందుకని ఇక్కడి ఎత్తు వేరు. గొడ్లని రుసుం లేకుండా మూకుమ్మడిగా అడవికి తోలడం, వచ్చిన ఉద్యోగికి చాకలి, మంగలి, నిప్పు, నీళ్ళు బంద్. 1921లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, వేదాంతం నరసింహాచారి గారు సంగతి చూడటానికి వస్తే జైల్లో పెట్టారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరి చివర్లో పోలీసులు కాల్చి చంపారు.

నెల చూడండి. బార్డోలీ తీర్మానం ఫిబ్రవరి 12. హనుమంతు పడిపోయింది ఆ తర్వాత. కాంగ్రెస్ ఆపేసినా మా ఊళ్ళలో ఆగలేదు. గొడ్డు ప్రతిరోజూ మేయాలి, తీర్మానం చూసుకుని ఆకలి ఆపుకోదు. కాలపట్టీలో 12 తర్వాత గీత గీసేసి "ఉద్యమం సమాప్తం" అని రాస్తారు, హనుమంతు ఆ గీత అవతల పడతాడు. దయచేసి ఆ గీత గీయొద్దు.

అరండల్‌పేట_నాలుగోలైను
ఇది నాకు కొత్త. చౌరీచౌరాతో అంతా ముగిసిందన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

తెనాలి_మూడోప్లాట్‌ఫాం
పన్ను దారం బావుంది కానీ అన్నిటినీ దాన్లోకే ఎక్కించకండి. కోటప్పకొండ 1909 పన్ను గొడవ కాదు. ఫిబ్రవరి 18, శివరాత్రి తిరునాళ్ళు, ప్రభలూ ఎడ్లూ జనం, పోలీసులతో రగడ, కాల్పులు. గాదె చిన్నపరెడ్డిని 1910లో ఉరితీశారు. అలాగే 1942 ఆగస్టు 12 తెనాలి. క్విట్ ఇండియా తీర్మానం వచ్చి నాలుగు రోజులు. రైల్వేస్టేషన్ తగలబెట్టారు, కాల్పుల్లో ఏడుగురు పోయారు. రణరంగ చౌక్‌లో ఏడు స్తంభాలు వాళ్ళవే. ఆరో బోర్డు అదే అవ్వాలి.

కొండవీటి_చాంతాడు
ఒప్పుకుంటా. దారం ఉంది కదా అని అన్ని పూలూ గుచ్చకూడదు.

బ్రాడీపేట_బల్ల
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ రుణపడిపోయా. ఇలా మారుస్తున్నా. ఒకటో బోర్డు మోటుపల్లి నుంచి రాచవేమారెడ్డి దాకా, కోట బొమ్మలో మూడు చెరువులతో. రెండు, 1515 ముట్టడి, 1520 సుంకాల పట్టీ, గోల్కొండ, ముర్తజానగర్. మూడు, 1759 నుంచి 1788, విడిగా పల్నాడు 1801, పాత హద్దుల మ్యాపు. నాలుగు, 1802 పైసలా, నందన కరువు, అమరావతి దావా, ఆనకట్ట. ఐదు మొత్తం 1921-22, మూడు గళ్ళు: చీరాల, పెదనందిపాడు, పల్నాడు. ఆరు, కోటప్పకొండ, తెనాలి. ఐదో బోర్డు ఇరుకైపోతోంది, ఒక్కో గడికి అడుగు మీద నాలుగంగుళాలే వస్తోంది.

నందిపాడు_నల్లరేగడి
అయితే రాజుల రెండు బోర్డులూ ఒకటి చెయ్యండి. మిగిలినదాన్ని 1922కి ఇవ్వండి. రాయలవారి గురించి పిల్లలు ఎక్కడైనా చదువుకుంటారు, కరణం రాజీనామా గురించి ఇక్కడ తప్ప ఎక్కడా చదవరు.

కొండవీటి_చాంతాడు
కొండవీటి మనిషిని, నాకూ అదే సబబనిపిస్తోంది. మోటుపల్లి రాయి, పురిటి సుంకం, 1520 పట్టీ ఉంచి యుద్ధాలు రెండు వాక్యాల్లో తేల్చెయ్యండి. చెరువులు మాత్రం తియ్యొద్దు.

పల్నాటి_నాపరాయి
పల్నాడు గడిలో హనుమంతు బొమ్మ ఒక్కటే పెట్టకుండా బందెలదొడ్డి కూడా గీయించండి. కర్ర తలుపు, లోపల నాలుగు గొడ్లు, బయట రసీదు పట్టుకున్న మనిషి. పుల్లరంటే ఏంటో అప్పుడు అడక్కుండానే తెలుస్తుంది.

బ్రాడీపేట_బల్ల
సరే, అలాగే. బందెలదొడ్డి, గుంట మగ్గం, పాటగాడు లేని వేలం, మూడు బొమ్మలూ రేపే గీయిస్తా. వేలం బొమ్మలో బిందెలతో పాటు ఇంకేం ఉండాలో చెప్పండి నల్లరేగడి గారూ.

నందిపాడు_నల్లరేగడి
గంగాళం, కాడి, విత్తనాల గాదె మూత. ఒక పక్కగా టముకు నేల మీద పెట్టేసి ఉండాలి, వాయించేవాడు లేకుండా.